యాసకు మార్కులు వేయడం పిల్లలకు ఎవరు నేర్పుతారు?

క్లుప్తంగా: అలవాటైన పలుకు వైపు మొగ్గడం పసిబిడ్డకు సహజం. ఒక పలుకు గొప్పదనీ, మరొకటి మోటుదనీ తూచడం మాత్రం బడి ఈడులో, చుట్టూ ఉన్నవారిని చూసి అలవడేది. ఈ తేడాను పట్టుకుంటే కర్నూలు, కడప, అనంతపురం ఇళ్లలోనూ బడుల్లోనూ సీమ యాస మీద జరిగే దిద్దుబాటును కొత్తగా చూడవలసి వస్తుంది.

జూన్‌లో బడులు తెరిచే రోజుల్లో, అంతకుముందు పదో తరగతి ఫలితాలు రాగానే, రాయలసీమలో చాలా ఇళ్లలో ఒక కలవరం మొదలవుతుంది. బిడ్డను విజయవాడకో హైదరాబాదుకో పంపాలి. అక్కడ నోరు తెరిస్తే నలుగురూ ఏమనుకుంటారు? "వస్తాండా" అనకు, "వస్తున్నా" అను అని తల్లిదండ్రులే ముందుగా దిద్దడం మొదలుపెడతారు. ఈ దిద్దుబాటు ప్రేమతో చేసేదే. దాని వెనుక ఉన్న భయంలో కొంత నిజమూ ఉంది. అయితే ఆ భయంలో రెండు వేర్వేరు సంగతులు ముడిపడిపోయాయి. యాస వల్ల బిడ్డ తెలివికీ చదువుకూ లోటు వస్తుందన్నది మొదటిది. యాస విని ఎదుటివారు బిడ్డను తక్కువగా అంచనా వేస్తారన్నది రెండోది. మొదటిదానికి ఆధారం లేదు. రెండోదానికి గత అరవై ఏళ్లలో మనస్తత్వ శాస్త్రం పోగుచేసిన ఆధారాలు చాలానే ఉన్నాయి. ముడి విప్పకుండా రెండింటికీ ఒకే మందు వేయడం వల్లనే చిక్కు పెరుగుతోంది.

పుట్టకముందే మొదలయ్యే వినికిడి

గర్భంలో చివరి మూడు నెలలకల్లా బిడ్డకు తల్లి గొంతు వినిపిస్తుంది. మాటలు విడివిడిగా తెలియకపోయినా వాటి లయ, ఎత్తుపల్లాలు లోపలికి చేరతాయి. 1980లో ఆంథోనీ డీకాస్పర్, విలియం ఫైఫర్ అనే అమెరికన్ పరిశోధకులు చేసిన ప్రయోగంలో, పుట్టి మూడు రోజులు దాటని పిల్లలు పాలపీకను చప్పరించే తీరు మార్చుకుని మరీ తల్లి గొంతును వినిపించుకున్నారు. 1993లో జరిగిన మరో ప్రయోగంలో రెండు రోజుల పసికందులు పరాయి భాషకంటే తల్లి భాషను ఎక్కువసేపు విన్నారు. దీన్ని కడపకు అన్వయించి చూస్తే, అక్కడ పుట్టిన బిడ్డ చెవికి మొదట అలవాటయ్యేది పుస్తకాల్లోని తెలుగు కాదు, తన అమ్మా జేజీ (నాయనమ్మ) మాట్లాడుకునే కడప తెలుగు.

మొదటి ఏడాదిలో జరిగే మార్పు తెలుగువారికి సులువుగా అర్థమవుతుంది. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ కెనడాలోని ఇంగ్లిషు ఇళ్ల పిల్లలకు హిందీలోని 'త', 'ట' ధ్వనులను వినిపించారు. మనకు 'పాత', 'పాట' అన్న మాటల్లో స్పష్టంగా తెలిసే తేడా అది. ఇంగ్లిషులో ఆ తేడాకు పని లేదు. అయినా ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లల్లో ఎక్కువమంది దాన్ని పసిగట్టారు. పది పన్నెండు నెలలకు వచ్చేసరికి ఆ నేర్పు చాలావరకు కనుమరుగైంది. చెవి మొద్దుబారిందని దీనికి అర్థం కాదు. తన చుట్టూ ఉన్న భాషకు ఏ తేడాలు అవసరమో వాటికి పదును పెట్టుకుని, మిగతావాటిని పక్కన పెట్టేస్తుంది.

ఈ పదును మనుషుల సమక్షంలోనే పడుతుంది. 2003లో ప్యాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పిల్లల్లో కొందరిని మాండరిన్ చైనీస్ మాట్లాడేవారితో పన్నెండు విడతలు ఆడించింది. వారు ఆ భాషా ధ్వనులను పట్టుకున్నారు. అదే మాటలను తెర మీద చూసిన పిల్లలకు ఏమీ అంటలేదు. నోరు తిరగని బిడ్డ చేతికి ఫోను ఇచ్చి మంచి భాష నేర్పించాలనుకునేవారు ఈ ఫలితాన్ని గుర్తుంచుకోవాలి.

ఎవరి చేతి బొమ్మ?

పలుకును బట్టి మనిషిని ఎంచుకోవడం ఎంత చిన్న వయసులో మొదలవుతుందో 2007లో క్యాథరీన్ కింజ్లర్, ఇమాన్యుయెల్ డుపూ, ఎలిజబెత్ స్పెల్కీ చూపించారు. అమెరికాలోనూ ఫ్రాన్స్‌లోనూ పది నెలల పిల్లలకు తెర మీద ఇద్దరు స్త్రీలు కనిపిస్తారు. ఒకరు ఇంగ్లిషులో, ఒకరు ఫ్రెంచిలో మాట్లాడతారు. తరువాత ఇద్దరూ మౌనంగా ఒకే రకం బొమ్మను చేయి చాచి ఇస్తున్నట్టు కనిపిస్తారు. అదే క్షణంలో నిజమైన బొమ్మలు బిడ్డ ముందుకు వస్తాయి. అమెరికన్ పిల్లలు ఇంగ్లిషు మాట్లాడిన ఆమె బొమ్మ వైపు, ఫ్రెంచి పిల్లలు ఫ్రెంచి మాట్లాడిన ఆమె బొమ్మ వైపు ఎక్కువగా చేయి చాపారు. ఐదారు నెలల పిల్లలు సైతం తమ భాష మాట్లాడిన మనిషినే ఎక్కువసేపు చూశారు. ఐదేళ్ల పిల్లలను స్నేహితులను ఎంచుకోమన్నప్పుడు, తమ భాషనే వేరే యాసలో మాట్లాడిన పిల్లలను పక్కన పెట్టి, తమలా పలికేవారిని ఎంచుకున్నారు.

యాస బలం ఎంతటిదో 2009లో వచ్చిన మరో అధ్యయనం బయటపెట్టింది. అమెరికాలోని ఐదేళ్ల తెల్ల పిల్లలు ఫొటోలు మాత్రమే చూసినప్పుడు తమ రంగు పిల్లలనే స్నేహితులుగా కోరుకున్నారు. ఫొటోలకు గొంతులు జోడించేసరికి ఎంపిక తారుమారైంది. పరాయి యాస గల తెల్ల పిల్లలకంటే తమ యాస గల నల్ల పిల్లలకే ఓటు వేశారు. కంటికి కనిపించే దానికంటే చెవికి తెలిసేది ఆ వయసులో బలంగా పనిచేసింది.

దీన్ని ద్వేషమనడం తొందరపాటు. 2016లో కాటరీనా బెగస్, తియోడోరా గ్లిగా, విక్టోరియా సౌత్‌గేట్ పదకొండు నెలల పిల్లల మెదడు తరంగాలను పరిశీలించారు. తమ భాష మాట్లాడే మనిషి ఏదైనా చూపించబోతున్నప్పుడు, కొత్త సంగతి అందుతుందని ఎదురుచూసే స్థితికి సంబంధించిన తరంగాలు వారిలో ఎక్కువగా కనిపించాయి. మన మాట మాట్లాడేవారు మనకు పనికొచ్చేది నేర్పుతారన్న లెక్క అది. పసివయసులో ఆ లెక్క బాగానే పనిచేస్తుంది. ఏది తినవచ్చో, ఏ వస్తువును ఏమంటారో ఇంటివారినుంచే తెలుసుకోవాలి కదా. 2011లో నాలుగైదేళ్ల పిల్లల మీద జరిగిన అధ్యయనంలో, ఇద్దరూ అర్థంలేని శబ్దాలే పలికినా, కొత్త వస్తువు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి పిల్లలు తమ యాస గల మనిషినే నమ్మారు. చెప్పిన విషయానికి కాక, చెప్పిన పలుకుకే ఆ నమ్మకం దక్కింది.

ఐదేళ్లకూ పదేళ్లకూ మధ్య

మొగ్గుకూ తూకానికీ మధ్య గీత ఎక్కడుందో చూపే అధ్యయనం 2013 నాటిది. ఈ చర్చలో అన్నిటికంటే ముఖ్యమైనది కూడా అదే. అమెరికాలో దక్షిణాది ఇంగ్లిషు యాసకు మోటుదన్న పేరుంది. కింజ్లర్, జాస్మిన్ డీజీసస్ ఉత్తరాన ఉన్న ఇల్లినాయ్ పిల్లలకూ, దక్షిణాన ఉన్న టెనెసీ పిల్లలకూ రెండు యాసలనూ వినిపించారు. ఐదారేళ్ల ఇల్లినాయ్ పిల్లలు ఉత్తరాది యాస వారితో స్నేహం కోరారు. అదే వయసు టెనెసీ పిల్లలు ఎటూ మొగ్గలేదు. ఏ యాస వారు తెలివైనవారన్న అంచనా ఆ వయసులో ఎవరికీ స్థిరపడలేదు. తొమ్మిది పదేళ్లకు వచ్చేసరికి రెండు రాష్ట్రాల పిల్లలూ ఒకే పాట పాడారు: ఉత్తరాది వారు తెలివైనవారు, పెత్తనం చేసేవారు, దక్షిణాది వారు మంచివారు.

ఇక్కడ కలచివేసేది టెనెసీ పిల్లల జవాబు. తమ తల్లిదండ్రుల పలుకునే, తమ పలుకునే వారు తెలివి తక్కువ వరుసలో నిలబెట్టారు. ఆ నాలుగేళ్లలో చెవి మారలేదు. టీవీలో వార్తలు చదివేవారు, సినిమాల్లో అధికారులు, హాస్యానికి వాడుకునే పాత్రలు, బడిలో ఎవరి మాటను దిద్దుతారన్నది, ఇవన్నీ కలిసి లోపలికి ఇంకాయి.

పెద్దవారిలో ఇదే పోకడను వాలెస్ లాంబర్ట్ బృందం 1960లోనే కెనడాలోని మాంట్రియల్‌లో నమోదు చేసింది. ఇంగ్లిషు, ఫ్రెంచి రెండూ సహజంగా మాట్లాడేవారి చేత ఒకే విషయాన్ని రెండు భాషల్లో చదివించి వినిపించారు. గొంతు ఒక్కరిదేనని వినేవారికి తెలియదు. ఇంగ్లిషు గొంతుకు తెలివి, నమ్మకం, చివరికి ఎత్తు విషయంలోనూ ఎక్కువ మార్కులు పడ్డాయి. ఫ్రెంచి మాతృభాషగా గలవారు కూడా అలాగే మార్కులు వేశారు. 2012లో దక్షిణాఫ్రికాలో చేసిన అధ్యయనంలో, ఇంటి భాష షోసా అయిన పిల్లలు తెలియని ఫ్రెంచి కంటే షోసాను ఇష్టపడ్డారు. షోసాకూ ఇంగ్లిషుకూ మధ్య ఎంచుకోమంటే ఇంగ్లిషు మాట్లాడేవారి వైపు వెళ్లారు. సొంత పలుకు మీద మమకారాన్ని సమాజంలో హోదా ఎంత సులువుగా పక్కకు నెట్టగలదో ఈ ఫలితం చెబుతుంది.

అమెరికా, ఆఫ్రికా పిల్లల లెక్కలను తెచ్చి కర్నూలు పిల్లలకు అంటగట్టడం సరికాదు. కులం, డబ్బు, ఇంగ్లిషు మీడియం చదువు ఇక్కడ యాసతో కలిసి పనిచేస్తాయి. అయినా మూడు ఖండాల్లో ఒకే తీరుగా కనిపించిన యంత్రాంగం సీమలో మాత్రం పనిచేయదనుకోవడానికి కారణం కనిపించదు.

సీమ పలుకు మీద పడిన ముద్ర

ఒక యాస ప్రమాణమై మరొకటి పక్కకు జరగడానికి కారణాలు భాషలో దొరకవు. తెలుగులో వాటిని నీళ్లలో వెతకాలి. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. డెల్టాలో పంట పెరిగింది, దాని వెంట బడులు, కళాశాలలు, అచ్చుయంత్రాలు, పత్రికలు వచ్చాయి. గిడుగు రామమూర్తి వంటివారి పోరాటం ఫలించి గ్రాంథికం స్థానంలో వాడుక భాష నిలదొక్కుకున్నప్పుడు, ఆ వాడుక ఎక్కువగా కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో చదువుకున్నవారిదై ఉండటం సహజంగా జరిగిన పరిణామం. దేశంలోనే అతి తక్కువ వాన కురిసే ప్రాంతాల్లో ఒకటైన అనంతపురం ఆ వరుసలో వెనుకబడింది. ఈ వ్యాసమూ ఆ ప్రమాణ భాషలోనే సాగుతోంది; పాఠకులందరికీ చేరడానికి అలాంటి ఉమ్మడి భాష అవసరమే. ఉమ్మడిది కాబట్టి అదొక్కటే శుద్ధమైనది అనుకున్నప్పుడే పొరపాటు మొదలవుతుంది.

వ్యాకరణం చూస్తే సీమ పలుకులో లోటేమీ కనిపించదు. 'వస్తున్నాడు' అన్నా 'వస్తాండాడు' అన్నా రెండింటిలోనూ 'ఉండు' అనే క్రియే చేరి ఉంది. పైగా సీమ రూపంలో ఆ ధాతువు చెక్కుచెదరకుండా వినిపిస్తుంది. ఎర్రగడ్డ, తెల్లగడ్డ, బొరుగులు, చెనక్కాయలు వంటి మాటలు ఉల్లిపాయ, వెల్లుల్లి, మరమరాలు, వేరుశనగలకు ఏ విధంగానూ తీసిపోవు. ఇంతవరకు దొరికిన తొలి తెలుగు శాసనంగా ఎక్కువమంది పండితులు అంగీకరించే కలమళ్ల శాసనం, సుమారు క్రీ.శ. 575 నాటిది, కడప జిల్లాలోనే ఉంది. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ పండితులను కూర్చోబెట్టి తాళపత్ర గ్రంథాలను పరిష్కరింపజేసిందీ ఆ ఊరిలోనే.

చరిత్ర ఇలా ఉండగా, నేటి పిల్లల చెవికి చేరేది మరొకటి. 1990ల చివరి నుంచి ముఠా కక్షల కథలతో వచ్చిన సినిమాల వరుసలో సీమ యాస వేటకొడవలితో కలిసి వినిపించింది. తెలుగు తెర మీద డాక్టరు, ఇంజనీరు, ప్రేమికుడు ప్రమాణ భాష మాట్లాడతారు. తొడగొట్టేవాడు సీమ పలుకు పలుకుతాడు. అమెరికాలో పిల్లల కార్టూన్ కార్యక్రమాలను 1998లో పరిశీలించిన జూలీ డోబ్రో, కాల్విన్ గిడ్నీ అక్కడ దుష్ట పాత్రలకు తరచుగా పరాయి యాసలను తగిలిస్తున్నారని తేల్చారు. ఎనిమిదేళ్ల పిల్లకు సినిమా రచయిత ఉద్దేశంతో పని లేదు. ఏ గొంతు ఏ పనితో జతపడిందో అది గుర్తుండిపోతుంది.

వినేవారి శ్రమ, చెప్పేవారి మీద అనుమానం

యాస మీద తీర్పులన్నీ దురభిప్రాయం నుంచే పుట్టవు. చికాగోలో షిరి లెవ్-ఆరి, బోజ్ కీసార్ 2010లో ఒక చిన్న ప్రయోగం చేశారు. నీళ్లు లేకుండా ఒంటెకంటే జిరాఫీ ఎక్కువ కాలం ఉండగలదు వంటి వాక్యాలను కొందరి చేత చదివించారు. వాళ్లు కేవలం ఇచ్చింది చదువుతున్నారని వినేవారికి ముందే చెప్పారు. అయినా పరాయి యాసలో విన్న వాక్యాలు తక్కువ నిజంగా తోచాయి. మాట అర్థం చేసుకోవడానికి పడిన కొద్దిపాటి శ్రమను వినేవారు తెలియకుండానే చెప్పినదాని మీద అనుమానంగా మార్చుకున్నారు. సంగతి ముందే వివరించినప్పుడు తేలికపాటి యాస విషయంలో ఆ పొరపాటును సరిదిద్దుకోగలిగారు. బరువైన యాస దగ్గర అదీ సాధ్యపడలేదు.

ఇది వేరే మాతృభాష గలవారి యాస గురించి జరిగింది. ఒకే భాషలోని మాండలికాలకు శ్రమ తక్కువే ఉంటుంది కానీ, ఫలితాలు బతుకుల మీద పడతాయి. 1999లో ప్రచురితమైన అధ్యయనంలో జాన్ బా అనే భాషావేత్త కాలిఫోర్నియాలో ఇళ్ల యజమానులకు మూడు రకాల ఇంగ్లిషులో ఫోను చేశారు. మూడు గొంతులూ ఆయనవే. తెల్లవారు ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో, ఇల్లు చూడటానికి రమ్మన్న యజమానుల సంఖ్య ఆయన ఎంచుకున్న పలుకును బట్టి బాగా మారిపోయింది. కాబట్టి హైదరాబాదులో బిడ్డను ఏమనుకుంటారో అన్న తల్లిదండ్రుల బెంగ ఉత్తుత్తిది కాదు. దాన్ని కొట్టిపారేయడం వారికి అన్యాయం చేయడమే.

తప్పుకూ తేడాకూ మధ్య

అందుకే దిద్దాలా వద్దా అన్నదానికంటే ఎలా దిద్దాలన్నదే అసలు ప్రశ్న అవుతుంది. ఒకటో తరగతి పిల్లవాడు పుస్తకంలో 'వస్తున్నాడు' అని ఉన్నచోట 'వస్తాండాడు' అని చదివాడనుకుందాం. అక్షరాలు గుర్తుపట్టాడు, అర్థం తెలుసుకున్నాడు, దాన్ని తన భాషలోకి మార్చి పలికాడు. చదవడంలో ఇంతకంటే ఏం కావాలి? అదే పిల్లవాడు 'వచ్చాడు' అని చదివితే అది నిజమైన తప్పు, కాలమే మారిపోయింది. రెండింటికీ ఒకే ఎర్రగీత పడితే తన పొరపాటు ఎక్కడుందో పిల్లవాడికి తెలిసే దారి మూసుకుపోతుంది.

న్యూయార్క్‌లోని హార్లెమ్ పిల్లల గురించి భాషావేత్త విలియం లబావ్ 1960ల చివరలో వాదించింది ఇదే. నల్లజాతి పిల్లలకు భాషే సరిగా లేదని అప్పట్లో కొందరు విద్యావేత్తలు రాస్తుండగా, ఎనిమిదేళ్ల బాలుడి సంభాషణలను ఆయన ముందుపెట్టారు. పెద్దమనిషి ఎదురుగా కూర్చుని ప్రశ్నలు వేస్తే ఆ బాలుడు పొడి పొడి మాటలతో సరిపెట్టాడు. అదే మనిషి తరువాత చిరుతిండి తెచ్చి, వాడి స్నేహితుడిని పక్కన పెట్టుకుని, నేల మీద చతికిలబడి మాట్లాడేసరికి ఇద్దరు పిల్లలూ ఒకరి మాటకు ఒకరు అడ్డుపడుతూ కబుర్లు చెప్పారు. మొదటి సంభాషణను బట్టి ఆ బాలుడి తెలివిని కొలిచి ఉంటే ఏమయ్యేదో ఊహించవచ్చు. 1979లో మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్‌లో ఒక ఫెడరల్ న్యాయమూర్తి, చదవడం నేర్పేటప్పుడు పిల్లల ఇంటి మాండలికాన్ని గుర్తించేలా ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలని అక్కడి బడి యంత్రాంగాన్ని ఆదేశించారు.

తెలుగులో దీనికి కావలసిన సరంజామా కొత్తగా తయారు చేయనక్కర్లేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సారథ్యంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలతో, 1962లోనే వెలువడింది. ఊరూరా తిరిగి సేకరించిన ఆ మాటల్లో ఏ ప్రాంతానికీ మొదటి పీట వేయలేదు. లెక్కల పుస్తకంలో ఐదు కిలోల ఉల్లిపాయలని ఉన్నచోట పత్తికొండ పిల్లలకు ఎర్రగడ్డలని ఒకసారి చెప్పి ముందుకు వెళ్లే ఉపాధ్యాయులు ఈ పనిని ఏ శిక్షణా లేకుండానే చేస్తున్నారు. ఇంటి మాటను మెట్టుగా చేసుకుని పుస్తకం మాట ఎక్కించడం అంటే అదే.

రెండు మూడు భాషల ఇళ్లలో

ఇంట్లో ఒక భాష, వీధిలో మరొకటి ఉంటే బిడ్డ గందరగోళపడుతుందన్న మాట కూడా తరచుగా వినిపిస్తుంది. కడప, కర్నూలు పట్టణాల్లో ఉర్దూ ఇళ్లు ఎన్నో. ఆదోని, రాయదుర్గం, మడకశిర వైపు కన్నడం, తెలుగు కలిసే బతుకుతాయి. 2010లో క్రిస్టా బయర్స్-హైన్‌లైన్, ట్రేసీ బర్న్స్, వెర్కర్ పరిశీలించిన నవజాత శిశువుల్లో, గర్భంలో ఇంగ్లిషు, ఫిలిప్పీన్స్ భాష అయిన తగలోగ్ రెండూ విన్నవారు పుట్టగానే రెండింటి మీదా ఆసక్తి చూపారు. రెండింటినీ వేరుచేసి గుర్తించారు కూడా. గందరగోళం పెద్దల ఊహలోనిదే.

2015లో వచ్చిన మరో అధ్యయనం ఇంకొంచెం ముందుకు వెళ్లింది. ఎదుటి మనిషికి ఏ వస్తువులు కనిపిస్తున్నాయో గమనించి, వారి మాటకు సరైన అర్థం తీయవలసిన ఆటలో నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలను ఆడించారు. రెండు భాషల పిల్లలు ఒకే భాష పిల్లలకంటే బాగా ఆడారు. తాము ఒకే భాష మాట్లాడినా రోజూ మరో భాష చెవిన పడే పిల్లలు సైతం అంతే బాగా రాణించారు. ఎవరికి ఏది అర్థమవుతుందో, ఎవరితో ఏ భాషో గమనించడం వారికి నిత్యకృత్యం కావడమే కారణమని పరిశోధకుల భావన. అయితే దీన్ని సర్వరోగ నివారిణిగా చూడలేం. 2013లో కెనడా పిల్లల మీద చేసిన పరిశీలనలో రెండు భాషలు వచ్చిన ఐదారేళ్ల పిల్లలు కూడా స్నేహితులను తమ యాసవారిలోంచే ఎంచుకున్నారు. వేరే పలుకు వినడం ఎదుటివారిని అర్థం చేసుకోవడానికి సాయపడుతుంది. ఇష్టాయిష్టాలను దానంతట అదే మార్చదు.

మనిషిని బట్టి మాట మార్చే నేర్పు పిల్లల్లో పెద్దలు అనుకున్నదానికంటే ముందే ఉంటుంది. మ్యారిలిన్ షాట్జ్, రోషెల్ గెల్మన్ 1973లో చూపినట్టు, నాలుగేళ్ల పిల్లలు రెండేళ్ల పిల్లలతో మాట్లాడేటప్పుడు ఎవరూ చెప్పకుండానే వాక్యాలు కుదించి, తేలిక చేసి మాట్లాడతారు. ప్రొద్దుటూరు నుంచి విజయవాడ హాస్టలుకు వెళ్లిన పదహారేళ్ల అమ్మాయి తరగతిలో "సార్ వస్తున్నారు" అని, సాయంత్రం ఫోనులో "జేజీ, ఏం చేస్తాండావు?" అని అడగడం ఆ నేర్పుకు కొనసాగింపే. రెండో వాక్యం పలికేటప్పుడు పక్కన ఎవరైనా వింటున్నారేమోనని ఆమె గొంతు తగ్గించిందంటే, ఆ తగ్గింపు ఐదేళ్లకూ పదేళ్లకూ మధ్య ఎప్పుడో నేర్చుకున్నది.